పోస్టర్ మీద ఎవరు కనబడాలి? ఒక అక్కాతమ్ముళ్ల వాదం

విమ్ క్రౌవెల్ (1928–2019) నెదర్లాండ్స్ గ్రాఫిక్ డిజైనర్. ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియానికి 1985 దాకా ఇరవై ఏళ్లపాటు ప్రదర్శనల పోస్టర్లు, కేటలాగులు చేశాడు. 1972లో అదే ఊళ్లోని ఫోడోర్ మ్యూజియంలో, యాన్ వాన్ టోర్న్ అనే తోటి డిజైనర్‌తో జనం ముందే వాదనకు దిగాడు. డిజైనర్ సొంత అభిప్రాయాలు పక్కనపెట్టి విషయాన్ని స్పష్టంగా చేరవేయాలని క్రౌవెల్ పట్టు. అలా పక్కనపెట్టడం ఎవరివల్లా కాదు, అయినట్టు నటించకూడదని వాన్ టోర్న్ పట్టు. ఆ తగువునే ఇక్కడ ఇద్దరు మళ్లీ ఎత్తుకున్నారు. అక్క ప్యాకేజింగ్ డిజైనర్, తమ్ముడు పెయింటర్.

అక్క: క్రౌవెల్‌కి ముందు ఆ మ్యూజియంలో ఎలా ఉండేదో చూడు. డైరెక్టర్ విల్లెమ్ సాండ్‌బర్గ్ తన పోస్టర్లు తనే చేసుకునేవాడు. చేత్తో చించిన కాగితం అక్షరాలు. అందంగానే ఉండేవి, కాదనను. కానీ లోపల ఎవరి బొమ్మలు పెట్టినా బయట గోడ మీద సాండ్‌బర్గే. 1963లో ఎడీ డి విల్డె డైరెక్టర్‌గా వచ్చాడు. ఐండ్‌హోవెన్‌లోని వాన్ అబ్బే మ్యూజియంలో ఉన్నప్పుడు తనకు పోస్టర్లు చేసిన క్రౌవెల్‌ని ఇక్కడికీ పిలిచాడు.

తమ్ముడు: దాంతో గోడ మీద సాండ్‌బర్గ్ పోయి క్రౌవెల్ వచ్చాడు. అంతేగా అక్కా మారింది?

అక్క: కాదురా. క్రౌవెల్ ఒక గ్రిడ్ వేసి పెట్టుకున్నాడు. పోస్టరైనా కేటలాగైనా ఆ గళ్లలోనే. దూరం నుంచి చూడగానే ఇది స్టెడెలిక్‌ది అని తెలిసిపోతుంది. దగ్గరికెళ్తే ఎవరి ప్రదర్శన, ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్నది వెతుక్కోకుండా దొరుకుతుంది. ఒకదాని వెనక ఒకటి ప్రదర్శనలు పడుతుంటే ప్రతిసారీ తెల్లకాగితం ముందు కూర్చుని తపస్సు చేస్తావా? నా దగ్గరికి శుక్రవారం సాయంత్రం వచ్చి సోమవారానికి కావాలనే క్లయింట్లున్నారు. గ్రిడ్ విలువ నన్నడుగు.

తమ్ముడు: నీ టెన్షన్ నాకు తెలుసులే. కానీ 1968 నాటి 'వోర్మ్‌గేవర్స్' పోస్టర్ సంగతేంటి? ఎవరికీ కనబడకూడని ఆ గీతల్నే ప్రింట్ చేశాడు. పోస్టర్ నిండా గళ్లు, ఆ గళ్లను పట్టుకుని కట్టిన అక్షరాలు. దాన్ని పక్కకు తప్పుకోవడం అంటారా? నేనెలా పనిచేస్తానో చూడండని తొడగొట్టడం అంటారా?

అక్క: ఆ ప్రదర్శనే డిజైనర్ల గురించిరా! మరి డిజైనర్ పనిముట్టు చూపించక ఇంకేం చూపిస్తాడు? విషయమే అది.

తమ్ముడు: సరే, అది వదిలేస్తా. 1967లో 'న్యూ ఆల్ఫాబెట్' అని అక్షరాలు చేశాడుగా. అప్పటి కంప్యూటర్ తెరల మీద వంపులు సరిగ్గా రావని, అన్నీ నిలువు గీతలూ అడ్డగీతలే. వాటిలో కొన్ని ఏ అక్షరమో నాకిప్పటికీ తెలీదు. స్పష్టత గురించి ఉపన్యాసాలిచ్చే మనిషి చేయాల్సిన పనేనా అది? మన 'ఖ'నో 'ఱ'నో ఆయన గళ్లలో పెట్టమను చూద్దాం.

అక్క: అది ప్రయోగమనీ, వాడటానికి కాదనీ ఆయనే చెప్పాడు. 1988లో జాయ్ డివిజన్ అనే బ్యాండ్ ఆల్బమ్ అట్ట మీద పీటర్ సావిల్ అనే డిజైనర్ వాడితే ఆ తప్పు క్రౌవెల్‌దా?

తమ్ముడు: తప్పనలేదు. అట్ట బాగుంది కూడా. నా గొడవ వేరు. ఆయన పోస్టర్లలో నాకు నిజంగా నచ్చినవి రెండు. ఒకటి 1957లో ఐండ్‌హోవెన్‌కి చేసిన, లెజే అనే ఫ్రెంచ్ పెయింటర్ ప్రదర్శన పోస్టర్. లెజే బొమ్మల్లో మనుషుల చుట్టూ బొద్దుగా నల్లగీత ఉంటుంది. క్రౌవెల్ ఆ బొమ్మ పెట్టలేదు, పేరులోని అక్షరాలకే ఆ బరువు ఇచ్చాడు. రెండోది 1970లో ఓల్డెన్‌బర్గ్‌ది. ఆయన మెత్తటి గుడ్డతో టాయిలెట్లూ టైప్‌రైటర్లూ కుట్టే శిల్పి. అక్షరాలు కూడా దూది కుక్కినట్టు ఉబ్బి ఉంటాయి. ఈ రెంటిలోనూ క్రౌవెల్ ఆ కళను చూసి తనకు ఏమనిపించిందో చెప్పాడు. అది అభిప్రాయం కాకపోతే మరేంటి?

అక్క: శ్రద్ధ. లెజేని చూసి లెజే గురించే చెప్పాడు, తన గురించి కాదు.

తమ్ముడు: లెజేలో వందుంటాయి. నల్లగీతనే ఎందుకు ఎంచుకున్నాడు? ఎంచుకున్నాడంటే అక్కడ ఒక మనిషి ఉన్నట్టేగా. వాన్ టోర్న్ గోల అదే. ఇది ఎవరో ఒకరు చేసింది, చూసేవాడికి ఆ సంగతి తెలియనివ్వండి అన్నాడు.

అక్క: ఎంచుకున్నాడు, ఒప్పుకుంటా. కానీ ఎంచుకోవడం వేరు, జొరబడటం వేరు. వాన్ టోర్న్ దారిలో వెళ్తే బొమ్మలు చూడ్డానికొచ్చినవాడు ముందు డిజైనర్ రాజకీయాలు అర్థం చేసుకుని లోపలికి పోవాలి. అంత ఓపిక ఎవరికుంది? ఇంకో మాట. 1985లో క్రౌవెల్ రోటర్‌డామ్‌లో బాయ్‌మన్స్ మ్యూజియానికి డైరెక్టర్ అయ్యాడు, 1993 దాకా ఉన్నాడు. సాండ్‌బర్గ్‌లా పోస్టర్లు తనే చేసుకోవచ్చు, అడ్డుచెప్పేవాడు లేడు. చేసుకోలేదు. లండన్ నుంచి ఎయిట్‌వీవో అనే స్టూడియోని పిలిచి ఇచ్చాడు.

తమ్ముడు: వాళ్లూ అక్షరాల పిచ్చోళ్లేగా! తన దారి వాళ్లనే ఏరుకున్నాడు. వాన్ టోర్న్‌ని పిలిచి ఉంటే అప్పుడు మెచ్చుకునేవాణ్ణి.

అక్క: నీ షోకి పోస్టర్ ఎవరికిచ్చావ్?

తమ్ముడు: నేనే చేసుకుంటున్నా.

అక్క: తేదీ, టైమ్ పెట్టావా?

తమ్ముడు: పెట్టానక్కా. కుడివైపు కింద, ఆ పచ్చరంగులో... కాస్త వెతకాలి.