ముందు డగ్లస్‌ని చదవండి

ఆఫ్రికన్ అమెరికన్ సాహిత్యం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే అందరూ చెప్పే పేరు టోనీ మారిసన్. 1993లో నోబెల్ అందుకున్న రచయిత్రి కాబట్టి ఆ సలహా ఇవ్వడం తేలిక. ఆ మాట పట్టుకుని ‘బిలవ్డ్’ తెరిచి, యాభై పేజీల్లోపే పక్కన పెట్టేసిన మంచి పాఠకులు నాకు తెలుసు. తప్పు వాళ్లది కాదు. 1987లో వచ్చిన ఆ నవల వెనక రెండు వందల ఏళ్లకు పైబడిన రచన ఉంది. మారిసన్ ఆ పాతవాళ్లతో మాట్లాడుతోంది. వాళ్లెవరో తెలియకపోతే సగం మాటలు మనకు అందవు.

తెలుగులో మనకు ఇంకో దారి కూడా ఉంది. అలెక్స్ హేలీ ‘రూట్స్’కి సహవాసి చేసిన అనువాదం ‘ఏడు తరాలు’. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ఆ పుస్తకం ఎంతమందిని కదిలించిందో చెప్పనక్కర్లేదు. అయినా అది బానిసత్వం రద్దయిన వందేళ్ల తర్వాత, 1976లో వచ్చిన పుస్తకం. నా పట్టుదల ఒక్కటే. మొదటి పుస్తకం ఆ బతుకు బతికినవాడు రాసిందై ఉండాలి.

అది బానిసగా పుట్టి, తప్పించుకుని బయటపడిన ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో అచ్చు వేసిన జీవితకథ. చాలా చిన్న పుస్తకం. దాని పేరులోనే ‘స్వయంగా రాసినది’ అని ఉంటుంది. బానిసగా పుట్టినవాడు ఇలా రాయగలడంటే చాలామంది నమ్మని రోజులవి.

డగ్లస్‌ని చిన్నప్పుడు బాల్టిమోర్‌లోని ఒక ఇంటికి పనికి పంపారు. ఆ ఇంటావిడ సోఫియా ఆల్డ్ అతనికి అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. భర్త చూసి ఆపించాడు. చదువొస్తే వీడు బానిసగా పనికిరాడని ఆమెను మందలించాడు. పక్కనే ఉండి విన్న పిల్లాడికి తెల్లవాడి పెత్తనం దేనిమీద నిలబడిందో ఆ మందలింపుతోనే తెలిసిపోయింది. అక్కణ్నుంచి ఇంట్లో రొట్టె పట్టుకెళ్లి, వీధిలో ఆకలితో ఉన్న తెల్ల పిల్లలకు పెట్టి పాఠాలు చెప్పించుకున్నాడు. ఓడలు కట్టే చోట వడ్రంగులు కలప మీద వేసే గుర్తులు చూసి రాయడం పట్టుకున్నాడు. గోడలూ ఇటుకలే పలక, సుద్దముక్కే బలపం.

దక్షిణ కరోలినాలో 1740 నుంచే బానిసలకు రాత నేర్పడం నేరం. 1831లో వర్జీనియాలో నాట్ టర్నర్ అనే బానిస నడిపిన తిరుగుబాటు తర్వాత ఇలాంటి కట్టడులు ఇంకా బిగిశాయి. ఒక జాతికి అక్షరాన్నే నిషేధించినప్పుడు ఆ జాతి రాసే మొదటి వాక్యమే ధిక్కారం అవుతుంది. ఈ సంగతి మనసుకు పట్టాక మిగతా పుస్తకాలు వాటంతటవే తలుపులు తెరుస్తాయి. తన ఆత్మకథ ‘బ్లాక్ బాయ్’లో నల్లజాతి రచయిత రిచర్డ్ రైట్, నల్లవాళ్లకు పుస్తకాలివ్వని మెంఫిస్‌లో ఒక తెల్లవాడి లైబ్రరీ కార్డు అడిగి తీసుకుని, అతను రాసినట్టే చీటీ రాసి పుస్తకాలు తెచ్చుకుంటాడు. నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ జైల్లో కూర్చుని డిక్షనరీని పేజీ తర్వాత పేజీ ఎత్తిరాసుకుంటాడు. బాల్టిమోర్ పిల్లాడి ఆకలే వందేళ్లు దాటినా ఇంకా తీరలేదు.

ఇంకో విషయం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. తాను ఎలా తప్పించుకున్నాడో డగ్లస్ ఈ పుస్తకంలో చెప్పడు. చెబితే వెనకాల వచ్చేవాళ్ల దారి మూసుకుపోతుంది. ఆ కథ 1881 దాకా తనలోనే దాచుకున్నాడు. యజమానుల పేర్లు మాత్రం దాచలేదు. దాంతో పట్టుబడే ప్రమాదం పెరిగి బ్రిటన్ వెళ్లాల్సి వచ్చింది. అక్కడి మిత్రులు చందాలు పోగుచేసి 1846లో అతని స్వేచ్ఛను కొన్నారు.

బానిసత్వంతో మొదలుపెడితే నల్లజాతి సాహిత్యమంటే ఏడుపే అనుకుంటారని కొందరి అభ్యంతరం. ఆ భయం న్యాయమైనదే. కానీ బానిసల్ని లొంగదీయడమే పనిగా కొరడా పట్టిన కోవీని డగ్లస్ ఎదురు తిరిగి నిలువరించే అధ్యాయం చదివినవాళ్లు ఆ మాట అనలేరు. తర్వాత హారియెట్ జేకబ్స్ 1861లో అచ్చు వేసిన జీవితకథ. అమ్మమ్మ ఇంటి అటకమీద దాదాపు ఏడేళ్లు దాక్కున్న స్త్రీ చెప్పిన కథ. ఆపైన జోరా నీల్ హర్‌స్టన్ 1937 నవల ‘దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్’ చేతికి తీసుకోండి. అందులో ప్రేమా, నవ్వూ, వీధి అరుగుమీది కబుర్లూ కావలసినన్ని దొరుకుతాయి.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లకు ఇది సరదాగా చదివి వదిలేసే వ్యవహారం కాదు. 1946 చట్టం ప్రకారం భారతీయులకు ఏడాదికి దక్కిన కోటా వంద మంది. ఆ జాతి కోటాలను 1965 వలస చట్టం కొట్టేసింది. అంతకు ముందు ఏడాది పౌరహక్కుల చట్టం, అదే ఏడాది ఓటుహక్కు చట్టం వచ్చాయి. నల్లవాళ్లు వీధుల్లో రక్తం ఓడ్చి సాధించిన గాలిలోనే మన తలుపూ తెరుచుకుంది. న్యూజెర్సీ ఎడిసన్‌లోనో టెక్సస్ ఫ్రిస్కోలోనో ఇల్లు కొనేటప్పుడు ‘అక్కడ నల్లవాళ్లు ఎక్కువట, వద్దులే’ అనుకునే మాటలు నేను చాలాసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ సిగ్గేసింది. ఆ మాట అన్నవాళ్ల పిల్లలు ఆ అమెరికా బళ్లలోనే చదువుతున్నారు.

అమెరికా తెలుగు సంఘాల మహాసభల్లో సాహిత్య వేదికలు ఉంటాయి, అవధానాలు ఉంటాయి, పుస్తకావిష్కరణలు ఉంటాయి. వచ్చే సభల్లో ఒక పూట డగ్లస్‌కి ఇవ్వండి. అక్కడే పుట్టి పెరిగిన మన పిల్లల చేత ఆ బాల్టిమోర్ అధ్యాయం చదివించండి, పెద్దలు ముందు వరసలో కూర్చుని వినండి.