గడపకు ఎన్ని మీటర్ల దూరంలో స్వేచ్ఛ?

మాది కడప. ఊరి పేరు గడప నుంచే వచ్చిందంటారు, తిరుమల వెంకన్న దర్శనానికి తొలి గడప మా దేవుని కడప. కాబట్టి ప్రార్థనా మందిరాల గడప ముందు నిలబడి నిరసనగా ఎవరెంత గట్టిగా అరవొచ్చో తేల్చే అధికారం మా ఊరికి తప్ప ఇంకెవరికీ లేదని నా గట్టి అభిప్రాయం.

అయినా కెనడావాళ్లు తొందరపడ్డారు. వాన్ అనే ఊరు 2024లో ప్రార్థనా మందిరాలకు 100 మీటర్ల లోపల జనాన్ని బెదరగొట్టే నిరసనలు కుదరవంది. పక్కనే ఉన్న టొరంటో 2025లో 50 మీటర్లు చాల్లే అంది, అదీ మందిరంవాళ్లు దరఖాస్తు పెట్టుకుంటేనే. అమెరికాలో గర్భస్రావ క్లినిక్కుల ముందు మసాచుసెట్స్ 35 అడుగుల గీత గీస్తే 2014లో సుప్రీంకోర్టు దాన్ని చెరిపేసింది. ఏతావాతా వాక్ స్వాతంత్ర్యం టేపుకు దొరికే సరుకని తేలింది.

సరే, నేనూ మా టైలరన్న దగ్గర టేపు అరువు తెచ్చుకున్నా. అది మీటరున్నర. ఒక మందిరం గడప నుంచి 50 మీటర్లు కొలవాలంటే ముప్పై నాలుగుసార్లు వంగి లేవాలి, పైగా మే నెల ఎండ. కొలిచేసరికి చెప్పుల స్టాండు, కారం దోశ బండి, ఒక పార్టీ ఆఫీసు, ఇంకో మతంవాళ్ల మందిరం, అన్నీ గీత లోపలే ఉన్నాయి. వాళ్లకూ ఓ 50 మీటర్లు ఇవ్వాలి కదా! అలా గీతల మీద గీతలు గీసుకుంటూ పోతే ధర్నాకు మిగిలేది ఊరవతల పెన్నా ఇసుకే, అదీ లారీలవాళ్లు మిగిలిస్తే.

మన చట్టానికి ఈ నడుంనొప్పి లేదు. రాజ్యాంగం 19వ అధికరణం మాట్లాడమంటుంది, ఆయుధాలు లేకుండా గుమికూడమంటుంది, 25వది మొక్కుకోమంటుంది. మొక్కుకునేవాళ్లకు కావాలని భంగం కలిగిస్తే ఏడాది దాకా జైలు, పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 296 సెక్షన్ 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 300 అయింది.

చిక్కంతా ఒక ముసలమ్మతో. మనవడు టెన్త్ పాసవ్వాలని పూలపొట్లం పట్టుకుని వచ్చింది, ఒక చెప్పు విడిచింది, రెండోది విడిచేలోపు ఒకడు ఫోను ముఖం మీద పెట్టి "దేశం నాశనమయ్యేది మీవల్లే" అన్నాడనుకోండి. రోడ్డవతల ప్లకార్డు పట్టుకుని గొంతు పోయేదాకా అరిస్తే అది వాడి హక్కు, నాకు నచ్చకపోయినా సరే. ఆమెకూ గడపకూ మధ్య అడ్డం నిలబడటం మాత్రం, ఎంత మెత్తగా మాట్లాడినా, దౌర్జన్యమే.

ఇదే మా టీ బంకు దగ్గర ఒక అన్నను అడిగా. గ్లాసు కింద పెట్టి, "ఆ ముసలామె ఎవురామె సామీ? మనోళ్లా, వాళ్లా?" అన్నాడు. పూలు తెచ్చిందన్నా అంటే, దర్గాకీ గుడికీ చర్చికీ అందరూ పూలే తెస్తారు, సరిగ్గా చెప్పు అని కోప్పడ్డాడు. పాపం ఆయన తప్పేముంది, రాజ్యాంగాన్ని ఏ పేజీలో తెరవాలో తెలియాలి కదా. మనోళ్లయితే 25వ పేజీ, వాళ్లయితే 19వ పేజీ. ఫోను పట్టుకున్నవాడు కూడా అంతే, మనోడైతే ప్రశ్నిస్తున్నాడు, వాళ్లోడైతే రెచ్చగొడుతున్నాడు.

సాయంత్రం టేపు తిరిగిచ్చేటప్పుడు టైలరన్న మిషను ఆపి మరీ అడిగాడు, "ఇంతకూ ఏ మందిరం కాడ కొలిచినావు సామీ?" అని. నేను చెప్పలేదు. పండక్కి ఇచ్చిన నా చొక్కా ఇంకా కుట్టలేదు.