మహారాజశ్రీ పికటిన్నీ రైల్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పికటిన్నీ రైల్ గారి సముఖానికి, నమస్కరించి రాసుకునే విన్నపం.

తమరు ఎవరినీ కాదనరని ప్రతీతి. దుర్భిణి వచ్చినా, టార్చిలైటు వచ్చినా, లేజరు వచ్చినా, చేతిపిడి వచ్చినా, రెండు కాళ్ళ స్టాండు వచ్చినా, వచ్చినవారి కులగోత్రాలు అడగకుండా కొలత ఒక్కటే చూసి చోటిస్తారు. ఆ ధైర్యంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. తీరిక చూసుకుని ఏదో ఒక ఖాళీ గాడిలో దీన్నీ బిగించుకోగలరు.

తమరిని ఎరగని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. తుపాకీ పైభాగాన, కొన్నిటికి గొట్టం చుట్టూ నాలుగు వైపులా, మొసలి వీపులా ఎగుడుదిగుడుగా కనిపించే లోహపు పట్టీయే తమరు. పట్టీ వెడల్పు 21.2 మి.మీ., దాని మీద అడ్డంగా కోసిన గాడి వెడల్పు 5.23 మి.మీ., లోతు 3 మి.మీ., ఒక గాడి నడిమి నుంచి పక్క గాడి నడిమికి 10.01 మి.మీ. ఈ నాలుగు అంకెలే తమరి జాతకం. 1995 ఫిబ్రవరి 3న అమెరికా సైన్యం దీన్ని మిల్-స్టాండర్డ్ 1913 అనే సైనిక ప్రమాణంగా ఖాయం చేసింది. పేరు పెట్టింది న్యూజెర్సీలోని పికటిన్నీ ఆయుధాగారం మీదుగా. ఆ ఆయుధాగారం ఉన్న మోరిస్ కౌంటీలోనే పార్సిపనీ కూడా ఉంది. అక్కడి తెలుగువాళ్ళు వారాంతాల్లో సరుకులకు తిరిగే రోడ్లకు కూతవేటు దూరంలోనే తమరి పురుడు జరిగిందన్న సంగతి వాళ్ళలో ఎందరికి తెలుసో చెప్పలేను. పైగా, సైనిక తరహా తుపాకులు పౌరుల చేతుల్లో ఉండరాదని 1990లోనే చట్టం చేసిన రాష్ట్రం అది. అలాంటి ఇంట పుట్టి, ఊరూరా తిరిగి, దేశమంతటా ప్రతి తుపాకీ నెత్తికీ ఎక్కి కూర్చున్న తమరి ఘనత సామాన్యమైనది కాదు.

తమరి పుట్టుకకు న్యాయమైన కారణమే ఉంది. అంతకుముందు రాజ్యమేలిన వీవర్ పట్టీలో గాడి వెడల్పు 4.57 మి.మీ. ఉండేది, గాడుల మధ్య దూరానికి ఒక నియమమంటూ లేదు. ఒక కంపెనీ దుర్భిణి మరో కంపెనీ తుపాకీ మీద కూర్చుంటుందో లేదో బిగించి చూస్తేగాని తెలిసేది కాదు. సైనికుడు రాత్రిపూట చూసే అద్దాన్ని తీసి పగటి అద్దం పెట్టుకోవాలన్నా, తిరిగి అదే చోట దాన్ని కూర్చోబెట్టాలన్నా, గాడులకు లెక్క ఉండాలి. ఆ లెక్క తమరు తెచ్చారు. వీవర్ కోసం చేసిన బిగింపులు చాలావరకు తమరి గాడుల్లో ఇముడుతాయి, తమరి కోసం చేసినవి మాత్రం వీవర్ ఇరుకు గాడుల్లో దిగవు. 2009లో నాటో కూటమి తమరి కొలతలను మెట్రిక్‌లోకి మార్చి, అంచుల వాలును పట్టుకునే కన్నా పైతలాన్ని ఆధారం చేసుకుని బిగించడం మేలని చెప్పి, స్టానాగ్ 4694 అనే కూటమి ప్రమాణంగా తనది చేసుకుంది. ఇంతవరకు తమరి మీద నాకు ఫిర్యాదు లేదు. ఇంజనీరింగ్‌లో మాట నిలబెట్టుకునేవారు తక్కువ, తమరు నిలబెట్టుకున్నారు.

ఫిర్యాదల్లా తమరి ఖాళీ గాడుల గురించే.

పూర్వం తుపాకీ ఒకటి కొంటే కొన్నట్టే. తమరు వచ్చాక కొనుగోలు అక్కడితో మొదలవుతోంది. పైన పదిహేను గాడులు కనిపించి, వాటిలో నాలుగు మాత్రమే దుర్భిణికి ఖర్చయ్యాయంటే, మిగిలిన పదకొండూ యజమానికి కంటిమీద కునుకు పట్టనివ్వవు. తొంభైల చివరికల్లా తమరు తుపాకీ గొట్టానికి పైన, కింద, కుడి, ఎడమ నాలుగు దిక్కులా ఆక్రమించారు. సైన్యంలో అవసరం నిజమే: అమెరికా సైనికులు మోసే పొట్టి తుపాకీ ఎం4 కార్బైన్ ఖాళీగా దాదాపు 3 కిలోలుంటే, దానికి దుర్భిణి, లేజరు, దీపం, పిడి చేర్చడానికి ప్రత్యేక దళాలు ఒక సామాను పెట్టెనే తయారు చేసుకున్నాయి. పౌరుడి అవసరం ఏమిటన్నది తమరు అడగలేదు, అడగడం తమరి ఉద్యోగమూ కాదు. అయితే నాలుగు వైపులా పళ్ళున్న ఆ పట్టీని చేత్తో పట్టుకుంటే అరచేయి తురుముకుపోతుందని త్వరలోనే తెలిసింది. అప్పుడేం చేశారు? పళ్ళ మీద తొడగడానికి రబ్బరు తొడుగులు, ప్లాస్టిక్ మూతలు అమ్మకానికి వచ్చాయి. ఏమైనా బిగించుకోవడానికి వీలుగా గాడులు కోసి, ఏమీ బిగించని గాడులను మూయడానికి మరో వస్తువు అమ్మి, ఆ వస్తువునూ గాడుల్లోనే బిగించేలా చేసిన వ్యాపార చాతుర్యానికి చేతులెత్తి నమస్కరించాలి.

తరువాతి కథ ఇంకా బాగుంటుంది. ఈ బరువూ ఈ పళ్ళూ వద్దనుకుని, నున్నని గొట్టపు తొడుగుకు రంధ్రాలు మాత్రమే పెట్టి, కావలసిన చోట కావలసినది తగిలించుకునే పద్ధతులు పుట్టాయి. 2012లో కీమాడ్ వచ్చింది, 2014లో ఎం-లాక్ వచ్చింది. రెండు వర్గాల అభిమానులూ ముఖాముఖాలు చూసుకోనంత వరకు వెళ్ళారు. చివరికి ఇండియానా రాష్ట్రంలోని క్రేన్‌లో ఉన్న నౌకాదళ కేంద్రం, ప్రత్యేక దళాల కోసం పరీక్షలు జరిపి, ఎం-లాక్‌దే పైచేయి అని తేల్చింది. తమరి పని అయిపోయిందని అప్పుడు చాలామంది అనుకున్నారు. కాని ఎం-లాక్ రంధ్రాలకు బిగించే వస్తువుల్లో ఎక్కడ చూసినా కనిపించేది ఏమిటో తమరికి తెలియనిది కాదు: మూడు నాలుగు అంగుళాల పికటిన్నీ పట్టీ ముక్క. తమరిని వదిలించుకోవడానికి కనిపెట్టిన రంధ్రంలో తమరినే బిగించుకోవడం! ఎన్నికల్లో ఓడి, శాసన మండలి తలుపుగుండా మళ్ళీ మంత్రివర్గంలోకి వచ్చిన నాయకులను చూసి అలవాటు పడినవాణ్ణి గనుక నాకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు.

తమరి మీద ఏది ఎక్కినా తమరికి బాధ్యత లేదు. 2010 జనవరిలో, అమెరికా సైన్యం వాడుతున్న ట్రిజికాన్ దుర్భిణుల మీద మోడల్ నంబరు చివర బైబిల్ వచనాల సంకేతాలు చెక్కి ఉన్నాయని బయటపడి, గగ్గోలు పుట్టి, ఆ కంపెనీ వాటిని మానుకుంది. అన్నాళ్ళూ ఆ వచనాలను మోసినవారిలో తమరూ ఉన్నారు. పాపం, తమరు చదవరు, మోస్తారంతే.

ఇక మా బావమరిది సంగతి. అతను డల్లాస్ దగ్గర ఉంటాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మంచివాడు, పులిహోర బాగా కలుపుతాడు. భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి, తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, నాకూ చూపించి, దుర్భిణి బిగించడం మొదలుపెట్టాడు. "బావా, దీన్ని గొట్టం కొస వైపు నెట్టి పట్టుకో, నేను బిగిస్తాను" అన్నాడు. ఎందుకని అడిగితే కారణం చక్కగా చెప్పాడు: పేలినప్పుడు తుపాకీ వెనక్కి తంతుంది, దుర్భిణి ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది, కనుక బిగింపు కింది అడ్డుమర ముందే గాడి ముందు గోడకు ఆనుకుని ఉంటే ఇక జరగడానికి చోటుండదు. తరువాత, మరను ఎంత బలంగా తిప్పుతున్నామో ఇంచ్-పౌండ్లలో కొలిచే టార్క్ రెంచి తీశాడు. అడుగు నట్టుకు 65 ఇంచ్-పౌండ్లు, దుర్భిణిని చుట్టుకునే ఉంగరాల మరలకు 18. మరలకు నీలిరంగు జిగురు చుక్క పెట్టి, నాలుగింటినీ ఒక్కొక్కటిగా కాక మూలకు మూల మార్చి మార్చి బిగించి, చివరకు వాళ్ళావిడ ఎర్రటి గోళ్ళ రంగు సీసా తెచ్చి, ప్రతి నట్టు మీదా దాని పక్కనున్న లోహం మీదా కలిసేలా ఒక సన్నటి గీత గీశాడు. నట్టు ఏమాత్రం వదులైనా ఆ గీత విరిగి కనిపిస్తుందట. ఆ శ్రద్ధను నేను వెక్కిరించలేను. వంద మిల్లీమీటర్ల పొడవున్న బిగింపు వెనుక కొస పదోవంతు మిల్లీమీటరు పక్కకు జరిగితే చాలు, వంద మీటర్ల దూరాన గురి పది సెంటీమీటర్లు తప్పుతుంది. గోళ్ళ రంగు వృథా కాదు.

వృథా అయింది ఆ తరువాతి వారం. మెడ వంచనక్కరలేకుండా చూడవచ్చని, 1.93 అంగుళాల ఎత్తున్న మరో బిగింపు తెప్పించాడు. అది పెట్టాక గురి మళ్ళీ మొదటి నుంచి సరిచూసుకోవాలి. ఎత్తు పెరిగేకొద్దీ కంటిచూపు గీతకూ గుండు వెళ్ళే దారికీ ఎడం పెరుగుతుంది, దగ్గరి లక్ష్యాల మీద గుండు ఆ మేరకు కిందికి తగులుతుంది. అది అలవాటు కాకముందే, మీట ఒక్కటి తిప్పితే ఊడి వచ్చి, మళ్ళీ పెడితే అదే గురికి వస్తుందని చెప్పే సర్దుబాటు బిగింపు మీదికి మనసు పోయింది. ఆ మీట ఎంత గట్టిగా పట్టాలో నిర్ణయించడానికి చిన్న నట్టు ఒకటుంది. వదులైతే దుర్భిణి ఊగుతుంది, మరీ బిగువైతే మీట పడదు. ఇంతలో దూరపు గురికి ముందువైపు వాలుగా ఉండే 20 నిమిషాల, అంటే డిగ్రీలో మూడో వంతు, కోణపు పట్టీ కావాలన్నాడు. అతను వెళ్ళే షూటింగ్ రేంజి పొడవు వంద గజాలు, ఆ వాలు అవసరపడేది దానికి ఎన్నో రెట్ల దూరాన. ఈ మాట అంటే చిన్నబుచ్చుకుంటాడని అనలేదు. అతను కొన్న గుళ్ళ కన్నా కొన్న మరలు ఎక్కువని మా చెల్లెమ్మ అంటుంది గాని, ఆవిడ లెక్కలో కోపం కొంత కలిసి ఉండవచ్చు.

సర్దుబాటు అనేదే తప్పని నేను అనడం లేదని గమనించగలరు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచారు. ఆ పోటీలో దుర్భిణికి అనుమతి లేదు, సన్నని రంధ్రం గుండా చూసి కాల్చాలి. అలాగని ఆ తుపాకీ నిరాడంబరమైనదేమీ కాదు. చెంప ఆనే చెక్క పైకీ కిందికీ జరుగుతుంది, భుజానికి తగిలే పలక ఇటూ అటూ వాలుతుంది, వెనుక రంధ్రాన్ని టిక్కు టిక్కుమని వెంట్రుకవాసి చొప్పున జరుపుకోవచ్చు. కింది భాగాన చేతికి ఆసరా బిగించుకునే గాడి కూడా ఉంటుంది, తమరికి దాయాది వరస అనుకోండి. తేడా ఎక్కడంటే, అక్కడ ప్రతి మరా ఒక మనిషి ఒంటికి తుపాకీని సరిపెట్టడానికి పనిచేస్తుంది. సరిపెట్టడం పూర్తయ్యాక మరల జోలికి ఎవరూ పోరు, ఆ మనిషి సాధనలో పడతాడు. తమరి గాడుల మీద జరిగే సర్దుబాటుకు పూర్తి కావడం తెలియదు. అది తుపాకీని మనిషికి కాక వచ్చే నెల సరుకుల పట్టికకు సరిపెడుతుంది. సాధన చేయవలసిన ఆదివారం బిగింపుల్లో గడిచిపోతుంది, గురి తప్పిన ప్రతిసారీ నేరం బిగింపు మీదికి పోతుంది.

చట్టానికి కూడా తమరు ఎప్పుడూ చిక్కలేదు. 1994 సెప్టెంబరులో అమెరికా సమాఖ్య ప్రభుత్వం సైనిక తరహా తుపాకులను నిషేధిస్తూ, వాటిని గుర్తుపట్టడానికి లక్షణాలు ఏకరువు పెట్టింది: భుజానికి ఆనే భాగం మడిచే వీలు, పిస్తోలు తరహా పిడి, మంట కనబడకుండా చేసే గొట్టపు కొస, గ్రెనేడ్ లాంచరు, బాకు తగిలించే కొక్కెం. బాకు కొక్కేన్ని లెక్కపెట్టిన ఆ చట్టం, ఏదైనా తగిలించగల తమరిని లెక్కలోకి తీసుకోలేదు. ఆ చట్టానికి అయిదు నెలల తరువాత తమరు ప్రమాణమై వచ్చారు, 2004లో ఆ చట్టం గడువు తీరి పోయింది, తమరు ఉండిపోయారు. తమరి వల్ల చిక్కుల్లో పడేది యజమానులే. 26 అంగుళాలకన్నా పొట్టి పిస్తోలు కింద తమరి గాడిలో నిలువు పిడి ఒకటి బిగిస్తే, 1934 నాటి చట్టం ప్రకారం అది పిస్తోలు కాకుండా పోయి, ముందుగా అనుమతీ నమోదూ లేకపోతే నేరమవుతుంది. అదే పిడి వాలుగా ఉంటే ఆ బాధ లేదు. కోణం మారితే శిక్షాస్మృతి మారిపోయే ఈ జ్యామితి యూక్లిడ్‌కు తట్టలేదు.

మా దేశానికి తమరు ఆలస్యంగా దయచేశారు. తొంభైల చివర సైన్యంలో చేరిన ఇన్సాస్ తుపాకీ తమరు లేకుండానే వచ్చింది. 2019లో ఒప్పందమైన 72,400 సిగ్ 716 తుపాకుల మీద, అమేఠీ దగ్గర కోర్వాలో తయారవుతున్న ఏకే-203ల మీద తమరు ఉన్నారు. చీకట్లో చూసే దుర్భిణులు చేసేది మా మచిలీపట్నంలోని భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారం, అంటే 1983లో ఆ సంస్థలో కలిసిన ఒకప్పటి ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ. బందరు అద్దాన్ని సరిహద్దులో జవాను రాత్రంతా మోస్తున్నప్పుడు అది ఊగకుండా చూడడం బిగింపు పని, ఆ పనికి తమరు తగినవారే. ఆ జవానుకు ఖాళీ గాడుల గురించి బెంగ పెట్టుకునే తీరిక ఉండదు, మూత కొనుక్కునే జీతమూ ఉండదు.

కాబట్టి తమరిని రద్దు చేయమనో, గాడులు పూడ్చుకోమనో నేను అడగడం లేదు. ఒక్క చిన్న సందేహం తీర్చగలరు. తమరి గాడిలో బిగించుకునే సీసా మూత తీసే పనిముట్టు మార్కెట్లో ఉంది, మా బావమరిది దానికి ఆర్డరు పెట్టాడు. తమరి ప్రమాణపత్రం పట్టీ కొలతలనే చెబుతుంది గాని ఎక్కే వస్తువుల సంగతి చెప్పదు. దాన్ని ఎన్ని ఇంచ్-పౌండ్లకు బిగించాలో, గోళ్ళ రంగు గీత గీయాలో అక్కరలేదో, శనివారం లోపల తెలియజేస్తే అతనికి చెబుతాను.

ఇట్లు,
తమరి గాడుల్లో ఇమడని ఒక బావ