షోకేసులోని జీపును విప్పరాదు

పిల్లల చేతికి నట్లూ బోల్టులూ ఇచ్చే విషయంలో మన సమాజం చాలాకాలంగా ఉదాసీనంగా ఉంటోంది. బెజ్జాలున్న ఇనుప పట్టీలు, చక్రాలు, ఇరుసులు, బుల్లి పానా, స్క్రూడ్రైవర్ పెట్టి అమ్మే పెట్టెలు పుట్టినరోజు కానుకల రూపంలో ఇళ్లలోకి చొరబడుతున్నాయి. పెట్టె మీద జీపు బొమ్మ ఉంటుంది. అంతవరకు అభ్యంతరం లేదు. కానీ ఇదే సామానుతో క్రేను, లారీ, హెలికాప్టర్ కూడా చేసుకోవచ్చని ఆ పక్కనే రాసి ఉంటుంది. అసలు ప్రమాదం అక్కడుంది. జీపు చేశాక క్రేను చేయాలంటే జీపును విప్పాలి. చక్కగా కట్టుకున్నదాన్ని కావాలని విప్పడం! సంస్కారం గల ఏ కుటుంబం దీనికి ఒప్పుకుంటుంది?

ఈ అనర్థానికి మూలపురుషుడు ఫ్రాంక్ హార్న్‌బీ. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో, మాంసం దిగుమతి చేసుకునే ఒక వ్యాపారి దగ్గర గుమాస్తా. బీటెక్ లేదు, డిప్లొమా లేదు, కనీసం ఐటీఐ కూడా లేదు. అలాంటి మనిషి తన పిల్లల కోసం రేకు ముక్కలు కత్తిరించి, వాటికి సమాన దూరంలో బెజ్జాలు పెట్టి, 1901లో ఏకంగా పేటెంటు తీసుకున్నాడు. అందుకు కావలసిన 5 పౌండ్లు కూడా యజమాని దగ్గర అప్పు చేసినవే. మొదట ‘మెకానిక్స్ మేడ్ ఈజీ’ అన్నాడు, 1907లో ‘మెకానో’ అని పేరు మార్చాడు. బెజ్జానికీ బెజ్జానికీ మధ్య సరిగ్గా అర అంగుళం. దాంతో ఏ ముక్కైనా ఏ ముక్కతోనైనా కలిసిపోతుంది. గోత్రం అడగరు, శాఖ అడగరు. ఇవి పెద్దలు కుదిర్చిన సంబంధాలు కావని వేరే చెప్పాలా?

పైగా ఈ గుమాస్తా ఫ్యాక్టరీ పెట్టాడు, బొమ్మ రైళ్లు చేశాడు, 1931లో ఎవర్టన్ నుంచి పార్లమెంటుకు కూడా ఎన్నికయ్యాడు. ఏ ఎంట్రన్సూ రాయకుండా పైకొచ్చినవాళ్ల కథలు పిల్లల ముందు చెప్పకూడదనేది ఇందుకే.

అదృష్టవశాత్తు మన తండ్రులు అప్రమత్తంగా ఉన్నారు. పెట్టె మీద ‘8 ఏళ్లు పైబడినవారికి’ అని ఉంటుంది. ఎంత పైబడాలో రాయలేదు. కాబట్టి నలభై దాటిన తండ్రి పూర్తిగా నిబంధనలకు లోబడే చాప మీద ముందు కూర్చుంటాడు.

“నాన్నా, నేనొక్కటి బిగిస్తా.”

“ఆగరా. ముందు చూసి నేర్చుకో.”

“ఏమండీ, పుట్టినరోజు వాడిది కదా.”

“నువ్వాగు. వాడి చేతికిస్తే మర పోతుంది.”

ఇలాంటి చట్రం కట్టడానికి పని తెలిసినవాళ్లు చెప్పే పద్ధతి ఒకటుంది. మొదట నట్లన్నీ వేళ్లతో వదులుగా ఎక్కించాలి. చట్రం మొత్తం నిలబడ్డాక, వంకర లేదని చూసుకుని, అప్పుడు పానా పట్టాలి. వదులుగా ఉన్నంతసేపు ముక్కలు కాస్త అటూ ఇటూ సర్దుకుంటాయి. అందుకే చివరి బోల్టు దాకా బెజ్జాలు ఎదురెదురుగా వస్తాయి. మన తండ్రులకు ఈ వదులుతనం గిట్టదు. మొదటి నట్టునే పళ్లు కొరికి బిగిస్తారు, రెండోదాన్ని ఇంకా గట్టిగా. చివరి పట్టీ దగ్గరికొచ్చేసరికి బెజ్జం సగం పక్కకు జరిగి ఉంటుంది. అప్పుడు వెనక్కి వెళ్లి నాలుగు నట్లు వదులు చేస్తే సరిపోతుంది గానీ, అలా చేస్తే పిల్లవాడి ముందు పరువేం కాను? పట్టీనే వంచుతారు. ఇనుము మాట వింటుంది. పిల్లవాడు ఈ పాఠం కూడా చూసి నేర్చుకుంటాడు.

స్టీరింగు సంగతి ఇంకా సున్నితం. ముందు చక్రాలు పక్కకు మళ్లాలంటే అక్కడ పట్టీ బోల్టు చుట్టూ స్వేచ్ఛగా తిరగాలి. అందుకని ఒకే బోల్టుకు రెండు నట్లు వేస్తారు. మొదటిదాన్ని పట్టీని నొక్కకుండా వెంట్రుకవాసి ఎడంగా ఆపి, రెండోదాన్ని దానికి ఎదురు బిగిస్తే, నట్లు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కదలకుండా ఉంటాయి. పట్టీ మాత్రం హాయిగా తిరుగుతుంది. ఇంత చిన్న పనిలో ఇంత తెలివి పెట్టిన హార్న్‌బీ వారసులను లోలోపల మెచ్చుకోవచ్చు, బయటికి అనకూడదు. ఎందుకంటే ఒక నట్టు సరిపోయేచోట రెండు వేయడం తండ్రి దృష్టిలో దుబారా. ఒకటి తీసి జేబులో వేసుకుని, రెండోది బలంగా బిగించేస్తాడు. ఫలితంగా జీపు ఇక ఎటూ మళ్లదు, తిన్నగా మాత్రమే పోతుంది. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్‌లో చేరిన పిల్లవాడికి ఇంతకన్నా తగిన వాహనం దొరుకుతుందా?

పూర్తయిన జీపు హాల్లో షోకేసులోకి వెళుతుంది. అక్కడ అప్పటికే కొండపల్లి ఎడ్లబండి ఉంటుంది. మన కళాకారులు ఎంత ముందుచూపు గలవాళ్లో గమనించాలి. తెల్ల పొణికి కర్రతో ముక్కలు చెక్కి, చింతగింజల పిండితో అతికేస్తారు. నట్టు లేదు, బోల్టు లేదు, విప్పే ప్రశ్నే లేదు. ఆ ఎడ్లబండి పక్కన జీపు పెట్టి, షోకేసు అద్దం మూసి, చుట్టాలు వచ్చినప్పుడు ‘మావాడే చేశాడు’ అని చెప్పాలి. ఇక్కడ ‘మావాడు’ అంటే ఎవరనేది వినేవాళ్ల విజ్ఞతకు వదిలేయాలి. దసరాకు ఒకసారి బయటికి తీసి, ఆయుధపూజలో జీపుకు కుంకుమ బొట్టు, పానాకు పసుపు పెట్టవచ్చు. చక్రాల కింద నిమ్మకాయలు మాత్రం వద్దు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన ప్రయత్నించగా, చక్రం కన్నా నిమ్మకాయ పెద్దదై జీపు వెల్లకిలా పడింది. అపశకునమని ఇంట్లో వారం రోజులు టెన్షన్.

విప్పనిస్తే ఏమవుతుందో తెలియాలంటే మాంచెస్టర్ వైపు చూడండి. అక్కడ యూనివర్సిటీలో డగ్లస్ హార్‌ట్రీ అనే ప్రొఫెసర్, ఆర్థర్ పోర్టర్ అనే విద్యార్థి కలిసి, 1934లో ఈ మెకానో ముక్కలతోనే డిఫరెన్షియల్ ఈక్వేషన్లు సాధించే యంత్రం కట్టారు. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో ఉన్న పెద్ద యంత్రం చూసొచ్చిన ప్రొఫెసరు, దాని నమూనాను దాదాపు 20 పౌండ్ల ఖరీదు చేసే బొమ్మ సామానుతో నిలబెట్టాడు. మన ఇంటర్ రెండో ఏడాది పిల్లలు బట్టీ పట్టే లెక్కలను ఆ ఇరుసులూ పళ్లచక్రాలూ తిరిగి తిరిగి గీతలుగా గీసి చూపించాయి. ప్రొఫెసరు గారే చాప మీద కూర్చుంటే ఇంటర్నల్ మార్కులు ఎవరు వేస్తారు? కేంబ్రిడ్జిలో కట్టిన అలాంటిదే మరొకటి ఇప్పుడు న్యూజిలాండులో, ఆక్లాండ్‌లోని ‘మోటాట్’ అనే రవాణా, సాంకేతిక మ్యూజియంలో ఉంది. అంటే చివరికి వాళ్లూ మన షోకేసు సిద్ధాంతానికే వచ్చారు.

ఒక్క విషయంలో మాత్రం మెకానో కంపెనీ మన మనసెరిగి నడుచుకుంది. పెట్టెలకు నంబర్లు వేసింది. ఒకటో నంబరు కొన్నవాడు 1ఏ కొని కలిపితే రెండో నంబరు అవుతుంది, ఆపైన 2ఏ, అలా పదో నంబరు దాకా. మన కార్పొరేట్ కాలేజీల బ్రిడ్జ్ కోర్సులకు ఇదే ఆదర్శమని ఎవరూ ఒప్పుకోరు గానీ, ఫీజు రసీదులు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ప్రభుత్వం కూడా బొమ్మల విషయంలో కదిలింది. 2020లో దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచింది. 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేసింది. పదునైన అంచుల మీద, విషపు రంగుల మీద ప్రమాణాలు వచ్చాయి. విప్పడం మీద మాత్రం ఒక్క నిబంధన లేదు. కాబట్టి నా సవరణలు ఇవి: ఒక మోడల్‌కు ఒక పెట్టె, క్రేను కావాలంటే ఇంకో పెట్టె కొనుక్కోవాలి. పెట్టెలో పానా, స్క్రూడ్రైవర్ తీసేసి జిగురు ట్యూబు పెట్టాలి. మరీ ముచ్చటపడే తండ్రుల కోసం జీపును ఫ్యాక్టరీలోనే అతికించి పంపినా మంచిదే.

అలాంటప్పుడు దాన్ని కన్‌స్ట్రక్షన్ సెట్ అని ఎలా అమ్మాలని తయారీదారులు అడుగుతారు. నిరభ్యంతరంగా అమ్ముకోవచ్చు. వర్క్‌షాపుకు తాళం వేసి, పోయినేడాది సీనియర్ల రికార్డు చూసి రాసుకోమనే కాలేజీలకు ఇంజనీరింగ్ కాలేజీ అని బోర్డు లేదూ?