కాంట్ కావాలి, జర్మన్లు వద్దా?

2024 డిసెంబరులో రాజ్‌నాథ్ సింగ్ వెళ్లి ఐఎన్‌ఎస్ తుషిల్ యుద్ధనౌకను మన నౌకాదళంలోకి తీసుకున్న ఊరు గుర్తుందా? రష్యాలోని కలినిన్‌గ్రాద్. పోలండ్, లిథువేనియాల మధ్య ఇరుక్కుపోయిన ఊరు, మిగతా రష్యాకు వేరే దేశాల మీదుగా తప్ప దానికి నేల దారే లేదు. 2005లో ఆ ఊరు 750వ పుట్టినరోజు ఘనంగా జరుపుకుంటే పుతిన్‌తోపాటు జర్మనీ చాన్సలర్ ష్రోడర్, ఫ్రాన్స్ అధ్యక్షుడు షిరాక్ కూడా వచ్చారు. చిక్కల్లా ఏమిటంటే, ఆ ఊరికి కలినిన్‌గ్రాద్ అని పేరు పెట్టిందే 1946లో. అంతకుముందు దాదాపు ఏడు వందల ఏళ్లు అది కోనిగ్స్‌బర్గ్, జర్మన్ల ఊరు. మరి ఆ 750 ఏళ్లు ఎవరివి?

ఇప్పుడున్న రష్యన్లవి కావని కొట్టిపారేయడం తేలిక. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 ఆగస్టులో బ్రిటిష్ బాంబులు ఊరి నడిబొడ్డును బూడిద చేశాయి, 1945 ఏప్రిల్‌లో సోవియట్ ఎర్రసైన్యం ఊరిని పట్టుకుంది, ఆ తర్వాత మూడేళ్లలో మిగిలిన జర్మన్లలో దాదాపు అందరినీ వెళ్లగొట్టి ఆ స్థానంలోకి రష్యా, బెలారస్‌ల నుంచి కొత్తవాళ్లను తెచ్చి దింపారు. సోవియట్ నేత బ్రెజ్నెవ్ హయాంలో పాత కోట శిథిలాలను కూడా పేల్చేశారు. ఆ చోటనే ‘సోవియట్ల భవనం’ అని ఒకటి మొదలెట్టి, పూర్తి చేయలేక దశాబ్దాలపాటు అలాగే వదిలేసి, చివరికి ఈమధ్యే కూల్చుకున్నారు. అన్నీ చెరిపేసి ఇప్పుడు వారసులమంటారా అని ఎవరైనా అడిగితే అడగొచ్చు.

మేం మాత్రం అలా అనం. పేల్చమన్నది మాస్కో, ఆ కొత్తవాళ్లకు అక్కడే పుట్టి పెరిగిన మనవళ్లు కాదు. ప్రెగెల్ నది మధ్యలోని దీవి ఒకప్పుడు ఇళ్లతో కిక్కిరిసి ఉండేది, ఇప్పుడు అక్కడ చెట్ల మధ్య కెథడ్రల్ ఒక్కటే కనిపిస్తుంది. దాని గోడకు ఆనుకుని, ఆ ఊళ్లోనే పుట్టిన జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ సమాధి ఉండబట్టే అదైనా మిగిలింది. 1990ల్లో దాన్ని బాగుచేయించుకున్నారు. కొత్తగా పెళ్లయిన జంటలు ఆ సమాధి దగ్గరికి వచ్చి పూలు పెడతారు, ఫొటోలు దిగుతారు. వాళ్లలో కాంట్‌ను చదివినవాళ్లు ఎందరుంటారంటే అనుమానమే (మనలో మాత్రం ఎంతమంది చదివాం లెండి). అయినా అది ఆ ఊరి ఆనవాయితీ అయిపోయింది. వారసత్వానికి ఇంతకంటే ఏం కావాలి?

పైగా జర్మన్లకు మాత్రం ఆ నేల ఎలా వచ్చింది? 1255లో ట్యుటానిక్ యోధులు (జర్మన్ క్రైస్తవ యోధుల సంఘం) కోట కట్టేనాటికి అక్కడ ఉన్నది పాత ప్రష్యన్లు, ఓ బాల్టిక్ జాతి. వాళ్లను ఓడించి కలిపేసుకున్నారు. 18వ శతాబ్దం మొదట్లోనే వాళ్ల భాష మాట్లాడేవాళ్లు లేకుండా పోయారు.

మా అభ్యంతరమల్లా ఆ గతంలోంచి నచ్చినవి మాత్రమే ఏరుకోవడం మీదే. 2005లో యూనివర్సిటీకి కాంట్ పేరు పెట్టారు, బాగుంది. 2018లో ఎయిర్‌పోర్టు పేరు కోసం ఓటింగ్ పెడితే కాంట్ ముందుకు దూసుకెళ్లాడు, దాంతో టెన్షన్ మొదలైంది. బాల్టిక్ నౌకాదళ ఉన్నతాధికారి ఒకాయన నావికులను వరసగా నిలబెట్టి, కాంట్ దేశద్రోహి, ఎవరికీ అర్థంకాని పుస్తకాలు రాశాడు అని క్లాసు పీకాడు. విగ్రహం మీద ఎవరో పెయింటు కుమ్మరించారు. చివరికి ఎయిర్‌పోర్టు 18వ శతాబ్దపు రష్యా సామ్రాజ్ఞి ఎలిజవేటా పేరుకెళ్లింది. తమాషా చూడండి, ఏడేళ్ల యుద్ధంలో ఆవిడ సేన ఈ ఊరిని ఆక్రమించినప్పుడు కాంట్ ఆవిడ ఏలుబడిలోనే ఉన్నాడు, ప్రొఫెసర్ ఉద్యోగం ఇప్పించమని 1758లో ఆవిడకే అర్జీ పెట్టుకున్నాడు!

ఊరి వయసు 1255 నుంచి లెక్కపెట్టుకోండి, కానీ 1945లో యుద్ధం ముగిశాక ఆకలితో చచ్చిపోయిన జర్మన్లను, మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయినవాళ్లను కూడా ఆ లెక్కలో వేయండి. పండగ వేదిక మీదే వాళ్ల సంగతి చెప్పండి, బడి పుస్తకాల్లో పెట్టండి. అంతటి ధైర్యం ఇప్పట్లో వచ్చేలా లేదు. కాంట్ పుట్టి 300 ఏళ్లయిన 2024లో, జనవరిలో పుతిన్ ఆయన్ను మహా మేధావి అని పొగిడి వెళ్లాడు, ఫిబ్రవరిలో అక్కడి గవర్నరు ఉక్రెయిన్ యుద్ధానికి మూలాలు కాంట్ దగ్గరే ఉన్నాయన్నాడు.