బోన్సాయ్‌కి తులసి తీర్థం

దీపావళికి ఆఫీసులో చేతిలో పెట్టిన బోన్సాయ్ ధనుర్మాసానికల్లా ఆకులు రాల్చడం బెంగళూరులో ఆనవాయితీ. మారతహళ్లిలో మనవాళ్ల బాల్కనీ ఏది చూసినా అదే పసుపు ఆకు. కందగడ్డకు పిలకలు పెట్టినట్టుండే జిన్సెంగ్ ఫైకస్ అది. జిన్సెంగ్ అనే మందు వేరుతో దానికి ఏ చుట్టరికమూ లేదు, జువ్వి కుటుంబం.

రోగిని చూడ్డానికి జనం రావాలి కదా. "అయ్యో, గొంతెండిపోయినట్టుందే వదినా!" అంటూ పక్క ఫ్లాటావిడ ఒక గ్లాసు. నైట్ షిఫ్టు దిగొచ్చిన మరిది తన సీసాలో అడుగున మిగిలినవి. సంధ్యావందనం ముగించిన మామగారు ఒక ఉద్ధరిణెడు. వాట్సాప్ వైద్యుల తరఫున పుల్లమజ్జిగ, కాఫీ పిప్పి. పోయేవాళ్ల నోట్లో తులసి తీర్థంలా తలా ఇంత. రోగం పేరేమిటంటే, మునిగిపోవడం.

కుండీ అడుగున చిల్లు లేదు. పైన తెల్లరాళ్లు జిగురుతో అతికించి ఉన్నాయి. లారీలో దొర్లకుండా అట! నీళ్లు కిందికి పోవు, గాలి లోపలికి రాదు, మట్టి తడో పొడో వేలు పెట్టి చూసే దారీ లేదు. దానికి పైన "పెంచడం సులువు" అని చీటీ. సిగ్గుండాలి. ప్రాణమున్నదాని ముక్కూ నోరూ మూసి, రిబ్బను కట్టి, అమ్ముకుంటున్నారు!

"శూన్యమాసంలో కదిలించకూడదమ్మా, శివరాత్రి పోనీ" అంటారు పెద్దలు. మామూలుగా అయితే ఒప్పుకోవాల్సిందే. చలి పోయి చిగురేసే రోజుల్లోనే ఫైకస్ వేళ్లు చకచకా కోలుకుంటాయి. కానీ మట్టి మురుగు కంపు కొట్టి, గడ్డ నొక్కితే వేలు దిగబడుతుంటే ఆ పూటే ముహూర్తం.

ముందు స్క్రూడ్రైవర్‌తో రాళ్లు పెళ్లగించండి. చెట్టును గడ్డ దగ్గర పట్టుకుని బయటికి తీసి, వేళ్లను బకెట్ నీళ్లలో ఆడించండి. లాగితే తొక్క ఊడొచ్చి లోపల నారపోగు మిగిలేది కుళ్లిన వేరు, తీసేయండి. గడ్డలో మెత్తబడ్డ భాగాన్ని శుభ్రమైన కత్తితో చెక్కుతూ పోండి. తెల్లపాలు కారాయా, ఆగండి. గట్టి వేళ్లలో ఒక్కటీ కత్తిరించొద్దు. అకాలంలో చేసే పని, అందం కోసం కాదు. పచ్చగా మిగిలిన ఆకుల జోలికీ పోవద్దు, కొత్త వేళ్లకు తిండి వాటినుంచే.

కొత్త కుండీ అక్కర్లేదు. కూరగాయలు కడిగే ప్లాస్టిక్ చిల్లుల గిన్నె చాలు. 3 నుంచి 6 మిల్లీమీటర్ల ఇటుక ముక్కలు మూడు పాళ్లు, కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, ఒక పాలు. ఇటుక పొడిని జల్లెడ పట్టి పారేయాలి, లేదంటే సందులు పూడి కథ మొదటికొస్తుంది. వేళ్ల మధ్య పుల్లతో పొడుస్తూ నింపి, గడ్డను తీగతో గిన్నెకు కట్టేయండి. పద్నాలుగో అంతస్తు గాలికి చెట్టు ఊగిన ప్రతిసారీ లేతవేరు తెగుతుంది. అడుగున తేటనీరు వచ్చేదాకా ఒకసారి నీళ్లు పోయండి.

తర్వాత నీడ, చెట్టుకు ముసుగుగా నాలుగు చిల్లులు పొడిచిన పాలిథీన్ కవరు, మూడు నాలుగు వారాలు. కొత్త ఆకులు ముదిరేదాకా ఎరువు మాటెత్తొద్దు. అనుమానం వస్తే కొమ్మ మీద గోటితో గీరండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. కాల్చేసిన అగరబత్తి పుల్లను రెండంగుళాలు గుచ్చి పది నిమిషాలాగి తీయండి, తడిగా వస్తే ఆ రోజు నీళ్లు లేవు. పక్క ఫ్లాటావిడ గ్లాసుతో వస్తే కాఫీ ఇచ్చి హాల్లోనే కూర్చోబెట్టండి.