మధ్యయుగం కాదు మహాశయా, వడ్రంగి

ఫ్రెంచి బృందం మాలికోర్న్ 1978లో తెచ్చిన 'అదెలార్ రూసో అసాధారణ టూర్ ద ఫ్రాన్స్' అనే ఆల్బమ్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా "మధ్యయుగపు ప్రోగ్రెసివ్ ఫోక్ రాక్" అని ముద్ర వేసి చేతులు దులుపుకోవడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కోటలూ కవచాలూ ఊహించుకుని వినడానికి కూర్చున్నవారికి అందులో ఎదురయ్యేది పని నేర్చుకుంటూ ఊరూరా తిరిగే ఒక వడ్రంగి, పేరు అదెలార్ రూసో. ఆల్బమ్ పేరులో ఉన్న 'టూర్ ద ఫ్రాన్స్' కూడా 1903లో మొదలైన సైకిల్ పందెం కాదు. అంతకు ఎంతో ముందునుంచీ చేతిపనివారు ఒక్కో పట్టణంలో కొన్నాళ్లు పనిచేస్తూ, మెళకువలు పట్టుకుంటూ దేశం చుట్టివచ్చిన యాత్ర.

ఈ పనివారి సంఘాల సంప్రదాయాన్ని కొంపాన్యొనాజ్ అంటారు. చేరినవాడికి సొంత ప్రాంతాన్నీ ఒక సుగుణాన్నీ కలిపి కొత్త పేరు పెడతారు. మన రూసోకు దక్కిన పేరు 'నివెర్నే, హృదయాల తాళంచెవి'. బస ఇచ్చే ఇల్లు నడిపే ఆవిడ అందరికీ 'అమ్మ'. ఒకడు ఊరు విడిచి వెళుతుంటే తోటివారు కర్రలూ రిబ్బన్లతో పొలిమేర దాకా సాగనంపుతారు. ఆ ఆనవాయితీ పేరు 'కొందుయిత్', ఆల్బమ్‌లో ఒక పాట పేరూ అదే. 1791 నాటి లె షపెలియె చట్టం కార్మిక సంఘాలను నిషేధించినా ఇవి చాటుమాటుగా బతికి, పంతొమ్మిదో శతాబ్దంలోనూ పాటలు కట్టుకున్నాయి.

చెవికి పాతగా తగులుతుందన్న మాట మాత్రం కాదనలేను. అందుకు వియెల్ అనే, చక్రం తిప్పి వాయించే తీగల వాద్యం వంటివి కారణం. రోజనం పూసిన చెక్క చక్రాన్ని కుడిచేత్తో పిడి పట్టి తిప్పుతుంటే అది తీగలను ఆగకుండా ఒరుసుకుంటుంది. ఎడమచేయి మీటలు నొక్కి రాగం పలికిస్తుంటే, శ్రుతి తీగలు కింద ఒకే స్వరాన్ని పట్టుకుని ఉంటాయి. తంబూరాకు అలవాటుపడ్డ మనకు ఇది పరాయిగా అనిపించదు. ఒక తీగ కింద వదులుగా నిలిపిన చిన్న చెక్కముక్క ఉంటుంది. మణికట్టును చటుక్కున విదిలిస్తే అది అదిరి బుర్రుమంటుంది, దాన్ని ఫ్రెంచివారు 'కుక్క' అంటారు!

అయితే ఆ పక్కనే ఎలక్ట్రిక్ గిటారూ బేసూ మోగుతున్నాయి కదా. మాలికోర్న్ బృందాన్ని నడిపిన గాబ్రియెల్ యాకూబ్, ఆయన సహచరులు పాత కాలాన్ని అద్దాల పెట్టెలో పెట్టి చూపించలేదు, జనం నోట నిలిచిన పాటలను తమ కాలపు వాద్యాలతో కలిపి పాడారు. ముద్ర వేయక తప్పదంటే 'వడ్రంగి పాటలు' అని వేయండి, వినేవాడు కనీసం రంపం చప్పుడు కోసమైనా చెవి ఒగ్గుతాడు.